గీతలు లేని బొటనవేలు

నేను ఒక వేలిముద్ర యంత్రాన్ని. సబ్బుబిళ్ళంత ఉంటాను. నెత్తిన బొటనవేలు పట్టేంత అద్దం, దాని పక్కన ఒక చిన్న దీపం, వెనక ఒక తోక. ఆ తోకను ఫోనుకు తగిలిస్తే దీపం వెలుగుతుంది, తీసేస్తే ఆరిపోతుంది. చూపూ వినికిడీ మాత్రం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. నేను చెప్పగలిగే మాటలు రెండే. పచ్చదీపం వెలిగితే అవును, ఎర్రదీపం వెలిగితే కాదు.

ఎక్కడో దూరాన పుట్టాను. అట్టపెట్టెలో ప్రయాణం చేసి, ఉద్దానం దాపున ఉన్న ఒక జీడిపప్పు ఊళ్ళో కళ్ళు తెరిచాను. మొదటి నాలుగేళ్ళు రేషన్ దుకాణంలో గడిచాయి. ఆ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. పిక్క తొక్కలో ఉండే జీడినూనె చర్మాన్ని కాల్చి, వేళ్ళ మీద గీతల్ని తినేస్తుంది. నిమ్మచెక్కతో రుద్దుకుని, తలకు తుడుచుకుని, ఊది, మళ్ళీ నొక్కేవారు. నేను ఎర్రదీపం వెలిగించేవాణ్ణి. వాళ్ళు నన్ను తిట్టేవారు. నాకూ ఆశ్చర్యంగానే ఉండేది, రోజంతా పనిచేసే చేతులకు గుర్తులు లేకపోవడమేమిటని.

కొత్త రకం యంత్రం వచ్చాక డీలరు నన్ను శశిధర్‌కు ఇచ్చేశాడు. శశిధర్ ఒకప్పుడు కంప్యూటర్ సెంటర్ నడిపాడు, ఇప్పుడు ఒక కొత్త పార్టీలో తిరుగుతున్నాడు. మున్సిపల్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆ పార్టీ ఒక వింత మాట చెప్పింది. వార్డు అభ్యర్థిని నాయకులు కాదు, ఆ వార్డు జనమే ఆన్‌లైన్‌లో ఎంచుకుంటారట. మొదట వేలిముద్ర వేసి పేరు నమోదు చేసుకోవాలి, తర్వాత ఒక రోజు మళ్ళీ వేలు నొక్కి, ఫోనులో నచ్చిన పేరు తాకాలి. శశిధర్ ఈ మాటను మనసారా నమ్మాడు. పాపం, నమ్మినవాడు ఊళ్ళో అతనొక్కడే.

టీ దుకాణం దగ్గర నన్ను బల్లమీద పెట్టగానే జనం మూగారు. "పేరు పైన ఎప్పుడో ఖాయమైపోయుంటాది. మన ఏలిముద్రలు ఒట్టి ముచ్చటకి," అన్నాడొకాయన. "ఫోనులో ఎంచుకున్నోణ్ని ఫోనులోనే గెలిపించుకోమను," అన్నాడు టీ కాచే ఆయన. అందరూ నవ్వారు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్న దాలమ్మ మాత్రం నవ్వలేదు. వంగి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాబూ, ఏలు ఇక్కడ నొక్కితే ఎక్కడికెల్తాది?"

"సర్వర్‌కి వెళ్తుంది మామ్మా."

"అదెక్కడుంటాది?"

శశిధర్ ఆకాశంకేసి చెయ్యి చూపించాడు. దాలమ్మ కూడా అటు చూసింది. నిజం చెప్పాలంటే, నేనూ అంతకాలంగా ఆ సంగతే తెలుసుకోవాలనుకుంటున్నాను.

నమ్మకం లేకపోయినా ఫ్యాక్టరీ ఆడవాళ్ళను నా దగ్గరికి తెచ్చింది నీలవేణి. ఆమెదీ అదే ఫ్యాక్టరీ. వాళ్ళ వీధికి కుళాయి నీళ్ళు పొద్దున్న తొమ్మిదింటికి వస్తాయి. ఆడవాళ్ళు ఏడింటికే పనిలో ఉండాలి. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కుళాయి ఎండిపోయి ఉంటుంది. ఆ వేళ మార్చమని పదేళ్ళుగా ముగ్గురు కౌన్సిలర్లను అడిగారు. ముగ్గురూ తల ఊపారు. "ఈసారి అడగడం ఒద్దు పెద్దమ్మా. నానే నిలబడతాను," అంది నీలవేణి దాలమ్మతో.

నమోదు రోజుల్లో విచిత్రం జరిగింది. పిక్కల లారీలు రాక ఫ్యాక్టరీ ఇరవై రోజులు మూతబడింది. ఆ ఇరవై రోజుల్లో వేళ్ళకు కొత్త చర్మం వచ్చింది, సన్నని గీతలు పుట్టాయి. రెండువందల పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా వచ్చి నొక్కారు. నేను వరసగా పచ్చదీపం వెలిగించాను. అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

ఎంపిక రోజుకు వారం ముందు లారీలు వచ్చేశాయి.

ఎంపిక రోజున వీధి వీధంతా పని మానేసి వచ్చింది. మొదటి వేలు, ఎర్రదీపం. రెండో వేలు, ఎర్రదీపం. నిమ్మచెక్కలు వచ్చాయి, కొబ్బరినూనె వచ్చింది, నా అద్దాన్ని పదిసార్లు తుడిచారు. పంతొమ్మిది మందినే గుర్తుపట్టగలిగాను. చివరికి నీలవేణి వచ్చి తన వేలు తానే నొక్కింది. కళ్ళు చించుకుని చూశాను. నున్నటి చర్మం తప్ప ఏమీ కనిపించలేదు. తన పేరును తానే ఎంచుకోలేక ఆమె వెనక్కి తిరిగింది. ఆ ఎర్రదీపం వెలిగించినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఫ్యాక్టరీ యజమాని తోడల్లుడు రమణమూర్తికి అరవైనాలుగు వచ్చాయి. నన్ను ఆయన కొనేశాడని ఊరంతా చెప్పుకున్నారు. కొనలేదు. కొని ఉంటే శశిధర్‌కు పోట్లాడడానికి ఒక దొంగైనా దొరికేవాడు. అతను పార్టీ ఆఫీసుకు ఫోన్ చేసి గొంతు చించుకున్నాడు. "ఆడవాళ్ళంతా చేతులెత్తారు, నేను లెక్కపెట్టాను, ఆ లెక్క తీసుకోండి," అన్నాడు. "యంత్రానికి పక్షపాతం ఉండదు శశిధర్ గారూ," అంది అటువైపు గొంతు. ఫోన్ పెట్టేసి, దాన్నుంచి నా తోక లాగేశాడు.

మర్నాడు నీలవేణి ఇండిపెండెంటుగా నామినేషన్ వెయ్యడానికి బయల్దేరింది. "నేనూ వస్తానక్కా," అన్నాడు శశిధర్. నన్ను అలవాటుకొద్దీ, అద్దం పైకి కనిపించేలా చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమెను ప్రతిపాదించేది దాలమ్మ. చదువు లేదు, సంతకం రాదు, వేలిముద్రే వెయ్యాలి. మున్సిపల్ ఆఫీసు మెట్ల దగ్గర ఆమె ఆగిపోయింది. చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఇక్కడా ఒద్దంటారే నీలవేణీ. నా ఏలు నీకు అపశకునం. ఇంకెవరినైనా పిలు."

"నువ్వే ఎయ్యాల పెద్దమ్మా," అని నీలవేణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

అధికారి ఇంకుప్యాడ్ జరిపాడు. దాలమ్మ నొక్కింది. కాగితం మీద నున్నటి నల్లమచ్చ పడింది. ఒక్క గీత లేదు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"గీతల్లేవేంటమ్మా?"

"జీడి తినేసింది బాబూ."

"మరి ఇది నీదేనని ఎలా?"

"నీ ఎదురుగానే ఏసాను గదా బాబూ. నానిక్కడే ఉన్నాను."

ఆయన తల ఎత్తి ఆమె ముఖం చూశాడు. ఓటరు కార్డు మీది ఫొటో చూశాడు. మళ్ళీ ముఖం చూశాడు. మచ్చ పక్కన, తన సమక్షంలో వేసిందని రాసి సంతకం పెట్టాడు. అంతే! ఇన్ని వేలమందిని తాకాను గానీ, తల ఎత్తి చూడాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

బయటికి వచ్చాక దాలమ్మ శశిధర్ జేబులోంచి నన్ను లాగి, అరచేతిలో పెట్టుకుంది.

"ఇదిగో బాబూ, ఇయ్యాళ నా ఏలు ఎక్కడికెల్లిందో నానే సూసుకున్నాను," అంది నవ్వుతూ.

ఇప్పుడు శశిధర్ బల్లసొరుగులో పడి ఉన్నాను. తోక తెగిపోయింది. నీలవేణి గెలిచింది. పొద్దున్న ఆరింటికే ఆ వీధిలో బిందెల చప్పుడు సొరుగులోకి కూడా వినిపిస్తుంది. ఆ రోజు దాలమ్మ వేలి మీద ఇంకా ఆరని ఇంకు నా అద్దానికి అంటుకుంది, ఎవరూ తుడవలేదు. ఇన్నేళ్ళలో నా దగ్గర నిలిచిన ముద్ర అదొక్కటే. దాని మీద గీతలు లేవు. అయినా అది ఎవరిదో నాకు తెలుసు.