మేష్ట్రుకు దొరికిన శిష్యురాలు

బెంగళూరు బాలేపేటలో రామోత్సవం పందిరి. ఆ సాయంత్రం మునినారాయణప్ప మూడో వరసలో కూర్చుని తనను తాను మరిచిపోయి వింటున్నాడు. వేదిక మీద పాడుతున్న పిల్ల సుశీల, చిక్కపేటలో పట్టుచీరల అంగడి ఆదినారాయణప్ప కూతురు. నలుగురిలో పాడడం ఆమెకు అదే మొదలు. ముఖారి రాగం ఎత్తుకుని, పై స్వరం మీద నిలబడి, అక్కడినుంచి గొంతును ఎంత నిదానంగా జార్చిందంటే, ఎప్పుడు కిందికి వచ్చిందో ఎవరికీ తెలియలేదు. పక్కనున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఎవరి దగ్గర నేర్చుకుందో ఈ పిల్ల, అనుకున్నాడు మునినారాయణప్ప. ఆయన ఆడపిల్లల బడిలో పాటల మేష్ట్రు. సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి పిల్లలకు నాలుగు కీర్తనలు చెప్పి వస్తాడు. యుద్ధకాలంలో ఆ ఇళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా మళ్లీ పిలిచినవాళ్లు లేరు.

పాట అయిపోయింది. ఉత్సవ కార్యదర్శి మైకు ముందుకొచ్చాడు.

"ఇంత చిన్న వయసులో ఇంత విద్య! ఈ బిడ్డను తయారుచేసిన గురువుగారు మన మధ్యనే ఉండారు. మునినారాయణప్ప మేష్ట్రుగారు వేదిక మీదికి దయచేయాల!"

మునినారాయణప్ప వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరున్న మనిషి ఇంకెవరైనా లేస్తారేమోనని. ఎవరూ లేవలేదు. అందరూ తననే చూస్తున్నారు. ఆ పిల్లకు ఆయన ఒక్క స్వరం చెప్పి ఎరగడు. ఆ ఇంటి గడప తొక్కి ఎరగడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, అప్పటికే ఎవరో రెక్క పట్టుకుని లేపారు, ఎవరో దారి ఇచ్చారు. మెడలో దండ పడింది. సుశీల వంగి కాళ్లకు దండం పెట్టింది. ఆయన మొహంలోకి మాత్రం చూడలేదు.

మర్నాడు అంగడి తెరవగానే వెళ్లి ఆదినారాయణప్ప ఎదుట నిలబడ్డాడు.

"ఏమిటిది శెట్టిగారూ?"

ఆదినారాయణప్ప లోపలి గదిలోకి పిలిచి చాప వేశాడు. "కోపం చేసుకోవద్దు మేష్ట్రే. ముందే అడిగుంటే మీరు ఒప్పుకోరని అడగలేదు. బిడ్డకు పాట చెప్పింది అంజినమ్మ. హిందూపురం పక్క దేవళంలో నాట్యమాడే ఇంటి మనిషి. మా ఆడోళ్లు ఆయమ్మ గొంతుకు మోజుపడి, చిన్నప్పటినుంచీ వెనకవాకిట్లో పిలిపించి చెప్పిస్తా ఉండారు. ఆ పేరు మైకులో చెప్తే మా బిడ్డను యా సభవాళ్లు పిలుస్తారు, చెప్పండి?"

"దానికి నా పేరే దొరికిందా?"

"ఆ పేరు చెప్పింది ఆయమ్మే. నాకేం తెల్సు!"

అంజినమ్మ ఇల్లు బాలేపేటలోనే, వీణలు, తంబూరాలు చేసి అమ్మే వీధి వెనక సందులో. అరవై దాటిన మనిషి, చేటలో బియ్యం ఏరుతోంది. ఆయన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"కూర్చోప్పా. వస్తావని తెల్సు."

"ఈ ఊళ్లో ఇంతమంది విద్వాంసులుండగా నన్నెందుకు ఇరికించినావమ్మా?"

"పేరున్నోళ్ల పేరు చెప్తే, వాళ్ల పాట తెలిసినోళ్లు 'ఇది ఆయన బాణీ కాదే' అని పట్టేస్తారు. నీ పాట నేను శానాసార్లు వింటిని, నువ్వు తప్పు పాడవు. నీకు శ్రుతి పోదు. అయితే నీ పాటలో నీదంటూ ఏమీ లేదప్పా. యా బాణీ తెచ్చి నీదని చెప్పినా కాదనేవాడు లేడు. అందుకే నీ పేరు చెప్తిని."

బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టి, మళ్లీ ఏరుకోసాగింది. ఆ మాటలో ఎగతాళి లేదు. అదే మునినారాయణప్పను నిలువునా కొట్టింది. ఎగతాళి చేసి ఉంటే తిట్టి వచ్చేవాడు. ఆయన లేచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వీధిలోకి వచ్చాడు.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని ముఖారి ఎత్తుకున్నాడు. స్వరాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. విని కళ్లద్దాలు తుడుచుకోవాల్సినది మాత్రం అందులో లేదు. ఇన్నేళ్లూ తన పాట తను వినలేదని అప్పుడు తెలిసింది.

అటు ఊళ్లో ఆయన పేరు మోగిపోయింది. పిలవడం మానేసిన ఇళ్లవాళ్లు మనుషులను పంపి పిలిపించుకున్నారు. ప్రతి తల్లిదీ ఒకే మాట: "సుశీలకు చెప్పినట్టే మా పిల్లకూ చెప్పండి." ఆ మాట విన్నప్పుడల్లా అంజినమ్మ చేట కళ్లముందుకొచ్చేది.

దసరాకు మల్లేశ్వరంలో ఒక సభవాళ్లు ఆయనకు సన్మానం పెట్టి, ఆ వెంటనే సుశీల కచేరీ అన్నారు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చుందామనే ఆయన లేచాడు. మైకు ముందు నిలబడేసరికి గొంతు వేరే దారి పట్టింది.

"ఈ శాలువా నాది కాదు. ఈ అమ్మాయికి నేనేమీ చెప్పలేదు. చెప్పింది బాలేపేట అంజినమ్మ."

 వెనకనుంచి ఎవరో "ఏ అంజినమ్మ?" అన్నారు. "ఇంకెవురు, ఆయమ్మే!" అన్న జవాబు సభంతా పాకింది. ముందు వరసలో ఆడవాళ్లు పిల్లల్ని లేపుకుని బయలుదేరారు. సభ కార్యదర్శి మైకు లాక్కున్నాడు. తంబూరా శ్రుతి చేసుకుంటున్న సుశీల అలాగే కూర్చుండిపోయింది. తండ్రి వేదిక ఎక్కి, చెయ్యి పట్టుకుని లేపి తీసుకుపోయాడు. పోతూ పోతూ ఆ పిల్ల మేష్ట్రు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదంతే.

మర్నాడు పొద్దున్నే అంజినమ్మ ఆయన గడప ముందు నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నిజం చెప్పినావంట కదా."

"నీ పేరు నీకు దక్కాలని చెప్పినానమ్మా."

"నా పేరు నేను అడిగితినా? ఆ దినం నేను అన్న మాటకు నీకు కడుపు మండింది. మండాల్సిందే. ఆ కోపం నా మీద తీర్చుకోవాల్సింది. నువ్వు బిడ్డ గొంతు మీద తీర్చుకుంటివి."

ఆమె వెళ్లిపోయాక కూడా మునినారాయణప్ప గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. తను చేసింది న్యాయమేనని రాత్రంతా తనకు తాను చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ మాట నోటికి రాలేదు.

సుశీల పాట ఆగిపోయింది. మరుసటి ఏడు స్వాతంత్ర్యం వచ్చిన రోజు చిక్కపేట వీధుల్లో జెండాలు పట్టుకుని జనం పాడుతూ పోతున్నారు. మిద్దెల మీది ఆడవాళ్లూ గొంతు కలిపారు. ఆదినారాయణప్ప మిద్దె మీద సుశీల పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ అందరి నోళ్లూ ఆడుతున్నాయి, ఆమె పెదవులు తప్ప. కిందనుంచి అది చూసిన మునినారాయణప్ప మందిలోంచి పక్కకు తప్పుకుని ఒక అరుగు మీద కూర్చున్నాడు.

ఆ వారంలోనే వెళ్లి అంజినమ్మ తలుపు తట్టాడు.

"నాకు పాట చెప్పమ్మా."

ఈసారి బిత్తరపోవడం ఆమె వంతయింది. "ఈ వయసులోనా? ఏమయ్యింది నీకు?"

"నీ బాణీ నా గొంతులో పలకాల. పలికితే, అది నా బాణీనే, ఆ దినం వినయానికి అట్ల అన్నానని జనం అనుకుంటారు. బిడ్డను మళ్లీ పిలుస్తారు."

అంజినమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. "అంటే, నా దగ్గర నేర్చుకునేది, నా దగ్గర ఎవురూ నేర్చుకోలేదని చెప్పడానికా?"

"అవునమ్మా."

ఇల్లు దద్దరిల్లేలా నవ్వింది ఆ మనిషి. నవ్వు ఆగాక, "తంబూరా తియ్యి" అంది.

చిన్నపిల్లలకు చెప్పినట్టు మొదటినుంచీ చెప్పింది. "పడిపోతా ఉండావు, జారమంటే పడిపోతావేమప్పా!" అని విసుక్కునేది. బడి అయ్యాక రోజూ అక్కడే. ఒకరోజు ఆయన పై స్వరం మీదినుంచి దిగుతుండగా ఆమె విసుక్కోవడం మరిచిపోయి తల ఊపింది. ఆ యేడు బడి వార్షికోత్సవంలో ఆయన ముఖారి పాడాడు. ఒకప్పుడు మల్లేశ్వరంలో లేచిపోయినవాళ్లే "అయ్యో, అదే బాణీ! ఆ దినం ఊరికే తగ్గి మాట్లాడినాడు మహానుభావుడు" అన్నారు. ఆ మాట చిక్కపేట అంగడికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆదినారాయణప్ప కూతురి తంబూరాకు కప్పిన గుడ్డ తానే తీశాడు.

కోలారులో సుశీల కచేరీ జరిగిన సాయంత్రం, ఒక ముసలాయన మునినారాయణప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎవురెవురో ఏందేందో చెప్పిరి సామీ. పాట విన్నాక నాకు అనుమానం లేదు. ఇది మీ బాణీనే!"

మునినారాయణప్ప చేతులు విడిపించుకున్నాడు. కోరుకున్నది ఇదే. అయినా చెంప మీద ఎవరో కొట్టినట్టుంది.

బెంగళూరు చేరిన రోజే వెళ్లి అంజినమ్మకు చెప్పాడు. సుశీల ఎలా పాడిందో, జనం ఎలా విన్నారో అన్నీ చెప్పాడు.

"అది నీ బాణీనే అని నమ్మినారా?" అంది ఆమె.

"అందరూ నమ్మినారమ్మా."

సంతోషపడుతుందనుకున్నాడు. అంజినమ్మ చేతిలోని తంబూరాను మెల్లగా గోడకు చేరవేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆ మనిషి ఏడవగలదని ఆయన ఏనాడూ అనుకోలేదు. లేవాలో కూర్చోవాలో తెలియక, తెల్లబోయి చాప మీద అలాగే ఉండిపోయాడు. బయట తంబూరాల అంగడిలో ఎవరో తీగ బిగిస్తున్నారు.

"రేపు పొద్దున్నే బిడ్డను ఇక్కడికి తీసుకురా," అంది ఆమె చివరకు, కొంగు తీయకుండానే. "చెప్పాల్సింది ఇంకా శానా ఉండాది."