తడి చేతులు

"వెళ్లిరా అమ్మా, నేనేం వద్దనను. కానీ శనివారానికి మూడో రోజవుతుంది, చూసుకున్నావా?" అంది జగదాంబ, కోడలు ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కడుతుంటే. నాగజ్యోతి చూసుకోలేదు. పదకొండేళ్ల తర్వాత డిగ్రీ స్నేహితురాళ్లు ముగ్గురూ కలుస్తున్నామన్న సంబరంలో, గురువారం కలిపిన ఆవకాయని శనివారం తిరగ కలపాలన్న సంగతే మర్చిపోయింది. కలిపిన చెయ్యే తిరగ కలపాలి, చెయ్యి మారినా, తడి తగిలినా బూజు పడుతుంది. ఇది అత్తగారి మాట, అంటే ఇంట్లో శాసనం. "నాలుగింటికల్లా వచ్చేస్తే సరి," అన్నాడు భర్త సత్యదేవ్ ఫోన్లోంచి తలెత్తకుండా.

శనివారం నాలుగున్నరకే లేచి పప్పు, వేపుడు, చారు చేసి, అత్తగారి మాత్రలు డబ్బాలో సర్ది, ఏ.ఎస్. రావు నగర్‌లో ఆటో ఎక్కి బోయిన్‌పల్లి చేరేసరికి పది దాటింది. డోరా ఇంటి పెరట్లో నీడన సిమెంటు తొట్టి. డోరా, నీహారిక అప్పటికే అందులో కాళ్లు పెట్టుకుని కిలకిలలాడుతున్నారు. నాగజ్యోతి వస్తూనే కొంగు దోపి పళ్లెంలోని ముంజలు ఒలవడం మొదలుపెట్టింది. అవయ్యాక ఎంగిలి గ్లాసులు తీసుకుని లేవబోయింది.

"ఏందే, మమ్మల్ని కలవనీకి వచ్చినవా, మా ఇంట్ల పని చేయనీకి వచ్చినవా? కూసో జెర!" అని డోరా చెయ్యి పట్టి లాగింది. కూర్చుంది గానీ, కుదురు లేదు. క్లాసులెగ్గొట్టించి అందర్నీ సినిమాలకి లాక్కుపోయిన పిల్ల తనేనా? నీహారిక ఏదో జోకు వేస్తే అందరికంటే ఆలస్యంగా నవ్వి, సిగ్గుపడింది. అంతలో ఫోను. పెరుగెక్కడుంది? అరగంటకి మళ్లీ. అమ్మ మాత్ర తెల్లదా, పసుపుదా?

భోజనంలో డోరా ఆవకాయ వేసింది. ఎర్రగా, ఘాటుగా, అచ్చం ఉండాల్సినట్టే ఉంది.

"నువ్వు కలిపావా?"

"నాకెక్కడ తీరింది? మా ఆయన జకర్యా కలిపిండు. మూడో రోజు మా కొడుకు కాలేబు. ఎవల చేతులు ఖాలీ ఉంటే వాళ్లే."

"బూజు పట్టలేదా?"

"తింటున్నవ్ కదనే!"

నీహారిక పొలమారేలా నవ్వింది. నాగజ్యోతికి నవ్వు రాలేదు. మూడేళ్ల కిందట నాన్నకి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఆస్పత్రి బెంచీ మీద నుంచి లేచి ఇంటికొచ్చి, ఆవకాయ కలిపి, మళ్లీ ఆటో ఎక్కింది తను. తిరిగి వెళ్లేసరికి నాన్నకి స్పృహ వచ్చింది. కళ్లు తెరవగానే "జ్యోతేదీ?" అని అడిగాడట. ఆ పూట సత్యదేవ్ ఇంట్లోనే ఉన్నాడు, క్రికెట్ చూస్తూ. అప్పుడు రాని కోపం ఇప్పుడు వచ్చింది, కంచంలో చెయ్యి ఆగిపోయేంత కోపం. అత్తగారి మీదా, మొగుడి మీదా, అందరికంటే ఎక్కువగా, అడక్కుండానే లేచివచ్చిన తన మీదా.

భోజనాలయ్యాక మళ్లీ తొట్టి దగ్గరికి చేరారు. ఎండ గోడ దిగుతోంది. మూడు దాటింది, మూడుంపావయింది. వెళ్తుందని వాళ్లు అనుకున్నారు, వెళ్తానని తనూ అనుకుంది. బ్యాగు ఒళ్లోకి తీసుకుంది, దించింది, మళ్లీ తీసుకుంది.

ఫోను మోగింది. నాగజ్యోతి బ్యాగు పక్కన పెట్టి, గాజులు పైకి తోసి, మోచేతుల దాకా రెండు చేతులూ నీళ్లలో ముంచింది. చల్లగా ఉంది, ప్రాణం లేచొచ్చింది. "కాస్త చెవి దగ్గర పెట్టవే," అంది నీహారికతో.

"ఇంకా బయల్దేరలేదా? అమ్మ జాడీ ముందేసుకుని కూర్చుంది," సత్యదేవ్ గొంతు.

"నా చేతులు తడిగా ఉన్నాయండీ."

"తుడుచుకుని రా."

"మీవి పొడిగానే ఉన్నాయిగా," అంది నాగజ్యోతి, "వాసెన విప్పండి."