కెలెరా మౌనంలో విన్న పాటలు

కెలెరా మాట్లాడటం లేదంటే సముద్రపొడ్డున సవుసవు ఊళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. బజారులో ఆవిడ చేపలు బేరమాడుతుంటే ఆ గొంతు రేవు దాకా వినపడేది. చర్చిలో పాటల బృందానికి ఆవిడే పెద్ద. మిగతా సాయంత్రాలు సముద్రపొడ్డున ఉన్న హోటల్లో, చెవి మీద మందారం పెట్టుకుని, వచ్చేవాళ్ళకు స్వాగతం పాటలూ వెళ్ళేవాళ్ళకు వీడ్కోలు పాటలూ పాడేది. యాభై దాటినా పై స్వరాల్లో ఆ గొంతుకు చిన్న జీర కూడా ఉండేది కాదు.

ఆ గొంతు ఒక సాయంత్రం వీడ్కోలు పాట మధ్యలో ఆగిపోయింది. పై స్వరం అందుకోబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. అల్లం కషాయాలు తాగింది, ఆవిరి పట్టింది. తగ్గలేదు. చివరికి ఓడెక్కి రాజధాని సువా వెళ్ళి చూపించుకుంటే గొంతులో చిన్న గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు.

"నేను చెప్పేదాకా ఒక్క మాట కూడా వద్దమ్మా. గుసగుసలు అసలే వద్దు" అంది డాక్టరమ్మ, పంపించేటప్పుడు. "పాట సంగతి తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం' కెలెరా గుండెల్లో రాయిలా పడింది.

ఇంటికొచ్చాక మొగుణ్ణి పిలవాలంటే సత్తుపళ్ళెం మీద గరిటెతో కొట్టేది. పడవల ఇంజన్లు బాగుచేసే అపిసాయ్ ఆ చప్పుడు వినగానే చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆవిడ సైగలు అర్థంకాక ఉప్పు అడిగితే దుప్పటి తెచ్చేవాడు.

ఆవిడ ఇంటికొచ్చిన మర్నాడే మేనబావ సకేనాసా దిగాడు. పోలీసు బ్యాండులో ట్రాంబోన్ ఊది ఊది రిటైరైన మనిషి. బావా మరదళ్ళు ఎదురుపడి ఆటపట్టించుకోకపోతే ఆ ఊళ్ళో తప్పు కింద లెక్క.

"ఏం మరదలా, బాగున్నావా? చిన్నప్పట్నించీ నన్నన్న మాటలన్నిటికీ జవాబు చెప్పడానికొచ్చా. ఇంతకన్నా మంచి టైము నాకు దొరకదు" అంటూ చాప మీద చతికిలబడ్డాడు.

కెలెరా గరిటె ఎత్తింది.

"అదిగో! నోరు పోయినా చెయ్యి బానే ఉంది. అపిసాయ్, జాగ్రత్త నాయనా!"

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వినా చప్పుడు రాకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలో దగ్గర్లోని చర్చిలో పాటల సాధన మొదలైంది. పై స్వరం దగ్గరికొచ్చేసరికి పాట తడబడింది. ఎవరో అందుకోబోయి మానేశారు. కెలెరా మొహం తిప్పుకుంది. భుజాలు కదలడం చూసి సకేనాసా మళ్ళీ పరాచికాలాడలేదు. లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం ట్రాంబోన్‌తో వచ్చాడు.

"ఇన్నేళ్ళూ నువ్వు పాడావు, మేం విన్నాం. ఇప్పుడు నువ్వు విను. కవాతు పాట కాదులే, భయపడకు. ఇది నా మనసుకు నచ్చింది."

మొదట్లో మా బ్యాండు మాస్టరు నేర్పాడు, జనం ముందు వాయించే సందర్భం ఎప్పుడూ రాలేదు అని చెప్పి ఊదాడు. జంటలు మెల్లగా తిరుగుతూ నాట్యం చేసే పాత బాణీ. అంత లావు ఇత్తడి గొట్టంలోంచి అంత మెత్తని స్వరం వస్తుందని కెలెరాకు తెలియదు. బావ కళ్ళు మూసుకున్నాడు. పోయిన పెళ్ళాన్ని తలచుకుంటున్నాడని ఆవిడకు తెలిసిపోయింది. పాట అయ్యాక లేచి, అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏడిపించకు మరదలా. రేపు లోసలినిని పంపిస్తా" అన్నాడు.

లోసలిని మార్కెట్ వెనక క్లబ్బులో రెగే పాటల బృందంలో కింది స్వరాలు పలికే బేస్ గిటార్ వాయిస్తుంది. ఒకప్పుడు చర్చి బృందంలో పాడేది. అందులోంచి మానేసి క్లబ్బుకు వెళ్ళినప్పుడు, "తాగినోళ్ళ పాటలు వాయించుకో, పో" అన్నది కెలెరాయే. ఆ పిల్ల గిటారూ పెట్టె స్పీకరూ మోసుకుంటూ మెట్లెక్కుతుంటే కెలెరాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"పెద్దమ్మా, ఆ మాట నేనెప్పుడో మర్చిపోయా, నువ్వూ వదిలెయ్" అంది లోసలిని. "నాకిష్టమైన పాట తెచ్చా. మాటలుండవు, బేస్ ఒక్కటే. ఎప్పుడూ జనం పాడేవాళ్ళనే చూస్తారు, కిందనుంచి పాటను మోసేవాళ్ళని చూడరు. ఇలా చెయ్యి పెట్టు."

కెలెరా స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. బరువైన స్వరం ఒకటి అరచేతిలోంచి మోచేతిదాకా పాకింది. కొంచెం ఆగి ఇంకొకటి. ఆ ఆగడంలోనే ఉంది అందమంతా. చర్చిలో వెనక వరసలో లావు గొంతులవాళ్ళు చేసేది కూడా ఇదే పని. ఇన్నేళ్ళు వాళ్ళకు వీపు పెట్టి పాడాను కదా అనుకుంది. తెలియకుండానే ఆవిడ కాలు తాళం వేస్తోంది.

"చూశావా, తాగకుండానే ఊగుతున్నావు!" అని పకపకా నవ్వింది లోసలిని.

ఆ వారంలోనే పక్కింటి రామ్ సుమేర్ కంచె దగ్గర నిలబడ్డాడు, చంకలో హార్మోనియం. అతనికీ కెలెరాకూ ఏళ్ళ తరబడి పేచీ. మంగళవారం అతనింట్లో రామాయణం పాడతారు, డోలక్ మోగుతుంది, మైకు పెడతారు. ఇక్కణ్ణించి ఈవిడ కేకలేస్తుంది, అక్కడ మైకు ఇంకాస్త పెరుగుతుంది.

"అక్కా, రావచ్చా? ఆపమని నువ్వు అరవలేవు కదా అని ధైర్యం చేసి వచ్చా."

ఆవిడ చాప చూపించింది.

"ఇది రామాయణం కాదు, బిదేసియా. మా నానమ్మ పాడేది. కూలికని ఓడలో తెచ్చి ఇక్కడ దింపితే మా పెద్దవాళ్ళు కట్టుకున్న పాట. నాకు దీన్ని మించిన పాట లేదు. ముందు అర్థం చెప్తాను. 'నన్ను దించి వెనక్కి పోతున్న ఓడా, మా అమ్మ వాకిట్లో ఒక్కసారి ఆగు. నీ కూతురు బతికే ఉంది, గాజులు కూడా పగల్లేదు అని చెప్పు.' అంతే అక్కా."

అతని గొంతు మంచిది కాదు. పైకి పోతే కీచుమంటుంది. అయినా ఓడ అన్నచోట హార్మోనియం నిట్టూర్చినట్టు సాగితే కెలెరా కళ్ళు నిండాయి. కంచె అవతల ఇన్నేళ్ళు ఈ పాట ఉంది. తను వినలేదు. చప్పుడు మాత్రమే విన్నది.

లోపలికి వెళ్ళి, కొబ్బరిపాలల్లో ఉడికించిన చేమాకు గిన్నెనిండా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇంకోటుంది, నవ్వకూడదు" అన్నాడు సుమేర్, రెండు ముద్దలు తిన్నాక. హార్మోనియం మళ్ళీ తెరిచాడు. క్రిస్మస్‌కు ఆవిడ బృందం పాడే తెల్లవారుజాము సముద్రం పాట! కెలెరా నిటారుగా కూర్చుంది.

"డిసెంబరంతా మీరు సాధన చేస్తుంటే చర్చి గోడకానుకుని నేర్చుకున్నా. మావాళ్ళకు చెప్పకు. ఆ, చెప్పలేవులే."

మూడో చరణంలో ఒక స్వరం తప్పుగా పలికించాడు. సరిదిద్దాలని కెలెరా నోరు తెరిచింది. సుమేర్ ఎగిరి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మూసుకో అక్కా, నీకు దణ్ణం! ఈ ఒక్క స్వరం కోసం గొంతు పోగొట్టుకుంటావా?"

ఆవిడ వేలితో గాలిలో స్వరం ఎంత పైకి వెళ్ళాలో చూపించింది. అతను వెతికి పట్టుకున్నాడు. దొరికిన చోట ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత సాయంత్రం పూట కెలెరా ఇంటి వసారా ఖాళీగా ఉన్న రోజు లేదు. హోటల్లో ఉకులేలే అనే బుల్లి గిటారు వాయించేవాళ్ళు వచ్చారు, చర్చివాళ్ళు వచ్చారు. ఒకరి పాట ఇంకొకరు విన్నారు. సుమేర్ బాణీకి లోసలిని బేస్ కలిపితే, సకేనాసా పక్కనుంచి ట్రాంబోన్‌తో వంత పాడబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు.

మళ్ళీ సువా వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మాట్లాడమంది. ఓడ దిగేసరికి రేవులో అందరూ ఉన్నారు.

"మొదటి మాట నాకు తిట్టే అయ్యుంటుంది. నేను సిద్ధం" అన్నాడు సకేనాసా.

కెలెరా అతని ముందు ఆగింది. "వినాకా బావా" అంది. కృతజ్ఞత చెప్పే ఆ మాట బొంగురుగా, మెల్లగా వచ్చింది. తర్వాత లోసలినికి, సుమేర్‌కు, మొగుడికి కూడా అదే మాట విడివిడిగా చెప్పింది. సకేనాసా సామాను మోస్తానంటూ గబగబా ముందుకు నడిచాడు.

పై స్వరాలు మాత్రం తిరిగి రాలేదు. చర్చిలో కెలెరా ఇప్పుడు వెనక వరసలో, కింది స్వరంలో పాడుతుంది. ముందు వరస ఇంకొకరికి అప్పగించిన రోజు బాధపడింది. ఆ బాధ ఎవరికీ దాచలేదు. కానీ మొదటిసారి పాట మధ్యలో నిలబడి అన్ని గొంతులూ వింది. తన చుట్టూ ఇంతమంది పాడుతున్నారా అనిపించింది.

మంగళవారం సాయంత్రాలు చాప చంకన పెట్టుకుని ఆవిడే కంచె దాటుతుంది. ఓడ పాట ఆ కింది గొంతుకు బాగా కుదిరింది. హిందీ మాటలు మాత్రం వంకరపోతాయి.

"చూడియా అక్కా, గాజులు! నువ్వు చూహియా, ఎలుక అంటున్నావు" అని తల పట్టుకుంటాడు సుమేర్.

"నేర్పు మరి, గురువువి కదా" అంటుంది కెలెరా. మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది.