నోరు పెగలని అరగంట

నాంపల్లి స్టేషనుకు దగ్గరలోని ఆ దవాఖానలో, పొద్దున ఎనిమిదింటికి ఆడవాళ్ల వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చూసినవారెవరైనా మెచ్చుకుంటారు. అది భయంలోంచి పుట్టిన నిశ్శబ్దమని అక్కడ పని నేర్చుకునే పిల్లలకే తెలుసు.

రశ్మిది ఆబిడ్స్. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ ఉదయం ఇన్సులిన్ సూది వేసి, "షుగర్ సూదమ్మా" అని చెప్పి వెనుదిరగబోతుంటే మంచం మీది పూలమ్మ అడిగింది.

"బిడ్డా, నాకు షుగర్ ఎప్పుడొచ్చింది? నేను కాలిరిగి గదా వచ్చిన!"

రశ్మి చేతిలోని చీటీ చూసుకుంది. పేరు పూలమ్మే. మంచం మాత్రం పదకొండు. ఇది పదిహేడు. వార్డులో ఇద్దరు పూలమ్మలున్నారు!

వెంటనే హెడ్ సిస్టర్‌కు చెప్పాలి. కానీ పోయిన వారం థర్మామీటరు పగలగొట్టిందని తోటి విద్యార్థిని స్నేహను హెడ్ సిస్టర్ కోటేశ్వరమ్మ రోగులందరి ముందూ నిలబెట్టి, "అంట్లు తోమడానికి కూడా పనికిరావే నువ్వు" అని దులిపేసింది. స్నేహ ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని పోయింది. మళ్లీ రాలేదు.

రశ్మి మూడుసార్లు సిస్టర్ బల్ల దాకా వెళ్లింది. మూడుసార్లూ చెప్పకుండానే వెనక్కి వచ్చేసింది. ఏమీ కాదులే అనుకుంటూ, మడతపెట్టిన దుప్పట్లనే మళ్లీ మడతపెట్టింది. అరగంట గడిచింది.

"బిడ్డా, జర నీళ్లియ్యి. గుండె దడదడ కొట్టుకుంటాంది."

పూలమ్మ ముఖమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. చూస్తుండగానే కళ్లు మూతలు పడ్డాయి.

"సిస్టర్!" రశ్మి కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. "ఆమెకు ఇన్సులిన్ నేనే ఇచ్చిన! ఒకరికియ్యాల్సింది ఇంకొకరికి ఇచ్చిన!"

కోటేశ్వరమ్మ పరుగున వచ్చి గ్లూకోజు ఎక్కించింది. డాక్టరూ వచ్చాడు. పావుగంటకు పూలమ్మ కళ్లు తెరిచి, "ఏమైంది నాకు?" అంది నీరసంగా.

గోడకు ఆనుకుని నిలబడిపోయిన రశ్మి దగ్గరికి వచ్చింది కోటేశ్వరమ్మ.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మాయ్?"

"మీరంటే భయమైంది, మేడమ్."

తిట్టబోయిన కోటేశ్వరమ్మ ఆగిపోయింది. తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డ పిల్లలందరి ముఖాల్లోనూ అదే భయం. ఆమె కుర్చీలో కూలబడింది. 

"నన్నూ ఇలా తిట్టే నేర్పారు. అదే పద్ధతనుకున్నా. స్నేహకు నేనే ఫోన్ చేస్తాను. రశ్మీ, పద, జరిగింది పూలమ్మకు మనిద్దరం చెప్పాలి. మిగతావాళ్లూ వినండి. ఇకమీదట తప్పు జరిగితే ఆ క్షణమే నా దగ్గరికి పరుగెత్తుకు రండి. బెదిరిపోయిన నర్సు తప్పును దాచిపెడుతుంది. దాచిన తప్పు రోగి ప్రాణం తీస్తుంది."