తెల్లని పోగు

అండాలమ్మ తడిగుడ్డ విప్పి టమాట మొక్కను చక్రపాణి ఒళ్లో పెట్టేసరికి ఎల్‌బీనగర్ చౌరస్తాలోని సమ్మె టెంటులో పాట ఆగిపోయింది.

"దిల్‌సుఖ్‌నగర్ల నీ ఇంటికి పోయిన సారూ. ఈడ కూసున్నవన్నరు. బస్సుల్లేవాయె, ఊర్నుంచి హయత్‌నగర్ దాంక నడిచే ఒచ్చిన."

చక్రపాణి ఆమె మండలానికి వ్యవసాయ విస్తరణాధికారి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆఫీసుకు తాళం వేసి రోజూ ఇక్కడే కూర్చుంటున్నాడు. ఇక్కడ ఉన్నంతసేపు తాను మంచివాడినన్న నమ్మకం ఆయనకు కలిగేది. ఆ నమ్మకం మీద ఇప్పుడు మట్టి రాలింది.

"సమ్మెల ఉన్నమమ్మా. అయినంక చూద్దాం."

"సమ్మెకు ముందు చూసినవా?" అండాలమ్మ గొంతు పెంచలేదు. "మా తారామతిపేటకు ఒక్కపారన్న ఒచ్చినవా? మీటింగు పెట్టి పాసుబుక్కున్నోళ్లను పిలిస్తివి. నాది కౌలు చేను. నన్నెవలు పిలుస్తరు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నీళ్ల ప్యాకెట్లు పంచుతున్న హనుమాండ్లు ముందుకొచ్చాడు. హయత్‌నగర్‌లో పురుగుమందుల దుకాణం అతనిది. ఈ టెంటు, మైకు అతని ఖర్చే.

"గింతదానికి సారును పరేషాన్ చేస్తవేందక్కా? కొత్త మందొచ్చింది, గట్టిది. సార్, జర పేరు రాసియ్యి, పోతది."

"పచ్చగనే ఒరుగుతున్నయ్ సారూ," అంది అండాలమ్మ. "పొద్దుగాల నిలబడ్డ చెట్టు పొద్దూకేసరికి తల వాలుస్తది. ఇంకో మందు కొడితే తేరుకుంటదా? ఈ చేను పోతే నాకు ఏడాదే పోయినట్టు."

చక్రపాణి చెయ్యి దానంతటదే జేబులోని పెన్ను మీదికి పోయింది. ఏళ్లుగా అంతే. రైతు మొక్క తెస్తాడు, తను పేరు రాస్తాడు, దుకాణంలో సీసా ఇస్తారు. మొక్కను చూడటమన్న పని మధ్యలో ఎక్కడ జారిపోయిందో ఆయన ఎన్నడూ వెతుక్కోలేదు.

పెన్ను వదిలేశాడు. బ్యానరు తాళ్లు కోసే బ్లేడు అడిగి తీసుకుని, మొక్క కాండాన్ని వేళ్లకు కాస్త పైన కోశాడు. ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోయించి, కోసిన కొసను అందులో ముంచి కదలకుండా పట్టుకున్నాడు. పోచంపల్లిలో తండ్రి మగ్గం మీద తెగిన పోగును వెతికే చూపుతో చూశాడు.

కోత నుంచి పాలలాంటి సన్నని పోగు ఒకటి నీళ్లలోకి దిగింది.

"ఏ మందూ లేదమ్మా దీనికి," అన్నాడు. "నేలల నుంచి ఒచ్చే తెగులు. ఈ తెల్లగ దిగేదే దాని గుర్తు. ఒరిగినయ్ పీకి కాలబెట్టాలె. ఆడి నీళ్లు మంచి చెట్లకు పారొద్దు."

"అందరి ముందల గట్లంటే ఎట్ల సార్? రేపు టెంటెవడేస్తడు?" హనుమాండ్లు నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు కళ్ల దాకా పోలేదు.

"నేను రాయను, హనుమాండ్లూ."

అండాలమ్మ గ్లాసులోకి చాలాసేపు చూసింది. "ఏవి పీకాలె, ఏవి ఉంచాలె, నీళ్లెటు మళ్లియ్యాలె? ఈడ చెప్తే నాకేమెరుక? ఒచ్చి చూపెట్టు."

"సమ్మెల ఉండి డ్యూటీకి పోతవా చక్రపాణీ?" వెనక నుంచి తోటి ఉద్యోగి గొంతు పదునుగా తగిలింది.

"తెలంగాణ రావాలె సారూ," అంది అండాలమ్మ, గ్లాసులోంచి మొక్కను తీసి మళ్లీ గుడ్డలో చుడుతూ. "నేను గూడ రోడ్డు మీద బతుకమ్మాడిన. అది ఒచ్చినంక గూడ నువ్వు మా చేనుకు రాకుంటే, ఎవలకొచ్చినట్టు?"

జవాబు కోసం ఆగకుండా రోడ్డు దాటి షేర్ ఆటో ఎక్కింది. ఎక్కి, పక్కన ఒకరికి చోటు వదిలి జరిగి కూర్చుంది.

"హయత్‌నగర్! ఇంకొక్కరు! ఇంకొక్కరు!" డ్రైవర్ కేకేస్తున్నాడు.

టెంటులో పాట మళ్లీ అందుకున్నారు. చక్రపాణి లేచి నిలబడి, చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు.