గడియ లోపలివైపు

ఆ చుట్టుపక్కల ఎవరింటి తలుపు చూసినా అది మేస్త్రి చేతి మీదుగా వచ్చిందే అయ్యుండాలి. వడ్రంగి పనిలో ఇరవై ఏళ్ళుగా ఆరితేరిన మనిషి. బందులు కిర్రుమనకుండా, సందులోంచి గాలి దూరకుండా తలుపు బిగిస్తాడని పేరు. అంత పేరున్నవాడి సొంత ఇంట్లో మాత్రం వంటగదికీ పడగ్గదికీ మధ్య గుమ్మానికి తలుపు లేదు. వెలిసిపోయిన పరదా ఒకటి వేలాడేది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఉన్నది ఇద్దరం. ఎవరి నుంచి దాచుకోవాలి?" అని నవ్వేసేవాడు. ఆ మాటలో తప్పుందని అతనికే కాదు, మనలో చాలామందికి తోచదు.

ఒక గురువారం సాయంత్రం, పని మధ్యలో జిగురు డబ్బా కోసం ఇంటికొచ్చాడు. చెప్పులు విడుస్తుండగా పరదా వెనక భార్య గొంతు వినిపించింది. ఫోన్లో ఎవరితో మాట్లాడుతోందో అతనికి తెలుసు. నాలుగు నెలల క్రితం, ఎనిమిదో నెలలో, వాళ్ళ బిడ్డ కడుపులోనే పోయింది. ఆసుపత్రి నర్సు ఒక కార్డు ఇచ్చి, ఈవిడ క్లినికల్ సోషల్ వర్కర్ అనీ, మనసు బాగాలేని వాళ్ళతో వీడియోలో మాట్లాడి తేరుకోవడానికి సాయం చేస్తుందనీ చెప్పింది. ఫోన్లో మాట్లాడితే పోయే బాధా ఇది అనుకున్నాడు మేస్త్రి. అయినా అడ్డు చెప్పలేదు. "నీ ఫోను మేడమ్ ఏమంటోంది?" అని ఆటపట్టించేవాడు. ఏడు వారాలుగా ప్రతి గురువారం నాలుగింటికి భార్య ఆవిడతో మాట్లాడుతోంది. ఈమధ్యే కాస్త నిద్రపోతోంది, అడగకుండానే జుట్టు దువ్వుకుంటోంది.

అతను అప్పుడే వెనక్కి తిరిగి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు.

"ఊయల విప్పేసి ఆ చెక్కతో స్టూలు చేశారు మేడమ్," అంటోంది భార్య. "వంటింట్లో పెట్టారు. కూరలు తరగడానికి దానిమీదే కూర్చోవాలి. కూర్చున్నప్పుడల్లా ప్రాణం పోతోంది." ముక్కు చీదుకుంది. "ఆయనతో అనలేను. ఆయన మూడో రోజే పనిలో పడిపోయారు. పెద్దగా బాధ లేదేమో అనిపిస్తుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ నామీద నాకే అసహ్యం."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. జిగురు డబ్బా సంగతే మరిచిపోయి బయటికి నడిచాడు. ఆ ఊయలను ఇరవై రోజులు కూర్చుని చెక్కాడు. భార్య కంట పడకూడదనే విప్పేశాడు. మంచి టేకు పారేయడానికి మాత్రం చేతులు రాలేదు, పనివాడి బుద్ధి కదా. దారంతా ఇవే మాటలు పేర్చుకున్నాడు. భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయాడు.

"నీ కోసమే విప్పాను దాన్ని. అంత టేకు పొయ్యిలో పెట్టమంటావా? బాధ లేదంటావేంటి నాకు?"

ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది. "విన్నారా?"

"నా ఇంట్లో నేను చెవులు మూసుకు తిరగాలా?"

ఆమె కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

పై గురువారం అతను అడిగితే, "ఇక అవసరం లేదని మేడమ్‌కి చెప్పేశాను. బాగానే ఉన్నాను," అంది. అప్పట్నుంచీ అదే మాట. తిన్నావా అంటే బాగానే ఉన్నాను, నిద్రపట్టిందా అంటే బాగానే ఉన్నాను. ఉదయం, సాయంత్రం ఆ స్టూలు మీదే నిటారుగా కూర్చుని కూరలు తరిగేది. చూడలేక అతను దాన్ని పెరట్లో ఉన్న తన షెడ్డులో పడేస్తే, తనే వెళ్ళి తెచ్చుకుంది. "పనికొచ్చే వస్తువు కదా," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి ఇంత భయం వేసేది కాదు.

మేస్త్రి తనకు తెలిసిన పనే చేశాడు. నాలుగు రోజులు కష్టపడి తలుపు చేసి, పరదా పీకేసి ఆ గుమ్మానికి బిగించాడు. గడియ లోపలివైపు పెట్టాడు. "గురువారం నాలుగింటికి నేను ఇంట్లో ఉండను," అన్నాడు. ఆమె తలుపు ఒకసారి వేసి, తీసి, "బాగా కుదిరింది," అంది, ఎవరో పరాయివాళ్ళు మెచ్చుకున్నట్టు. రెండు గురువారాలు గడిచాయి. తలుపు బార్లా తెరిచే ఉంది.

చివరికి భార్య బజారుకు వెళ్ళిన పూట, షెడ్డులో పనిబల్ల మీద ఫోను నిలబెట్టి తనే ఆ కార్డులోని నంబరుకు చేశాడు. తెరమీద కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి కనిపించింది. పరదా వెనక విన్నదీ, భోజనం దగ్గర నోరు జారిందీ, తలుపు బిగించిందీ అంతా చెప్పి, "మా ఆవిడ ఇంకా ఏమేం చెప్పింది మేడమ్? తెలిస్తే సరిదిద్దుకుంటాను," అని ప్రాధేయపడ్డాడు.

"నాతో ఎవరు ఏం చెప్పుకున్నా అది నా దగ్గరే ఉండిపోతుందండీ. మీరు చెప్పేదీ అంతే," అంది ఆవిడ. కాసేపు అతన్నే చూసి, "మీరెలా ఉన్నారు?" అని అడిగింది.

నాలుగైదు నెలలుగా అందరూ అతన్ని "మీ ఆవిడ ఎలా ఉంది?" అనే అడిగారు.  ఊయల విప్పిన రోజు చెక్కను నునుపు చేసే చిత్రిక మిషను వేసి, అందులో చెక్క పెట్టకుండా, ఆ హోరులో గంటసేపు ఏడ్చానని చెప్పాడు.

"ఈ సంగతి ఆవిడకి తెలుసా?"

"నేను కూడా ఏడిస్తే ఆవిడకి ధైర్యం ఎవరు చెప్తారు మేడమ్?"

"ధైర్యం తర్వాత చెప్పొచ్చు. తలుపు మంచిదే చేశారు. కానీ ఆ రోజు ఆవిడ మీమీద నేరం మోపలేదండీ, బరువు దించుకుంటోంది. మీరు సంజాయిషీ ఇచ్చారు. ఆ బరువు మళ్ళీ తలకెత్తుకుంది."

ఆ సాయంత్రం ఆమె స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. మేస్త్రి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. మేడమ్‌కి ఫోన్ చేసిన సంగతి ముందే చెప్పేశాడు. తర్వాత మిషను సంగతి చెప్పాడు. తనను సమర్థించుకుంటూ ఇంకొక్క మాట కలపలేదు.

కత్తి ఆగింది. "ఆ రోజు ఆ చప్పుడు విన్నాను నేను," అంది ఆమె మెల్లగా. "లోపల పడుకుని ఉన్నాను. ఊయల విప్పీ విప్పగానే పని మొదలెట్టేశారే, ఈయన మనిషేనా అనుకున్నాను."

 ఆమె కళ్ళు కారుతుంటే ఉల్లిపాయల వల్లనని ఇద్దరూ అనుకోలేదు.

"స్టూలు తీసేయనా?" అని అడిగాడు.

"ఉండనివ్వండి. ఎప్పుడు తీయాలో నేను చెప్తాను."

ఆ గురువారం నాలుగింటికి మేస్త్రి చెప్పులు వేసుకుంటుండగా వెనక ఆ కొత్త తలుపు మూసుకుంది. బందులు కిర్రుమనలేదు. గడియ పడింది. అక్కడ నిలబడితే ఒకటో రెండో మాటలు వినబడేవేమో. అతను వీధి చివరిదాకా నడిచి ఒక అరుగు మీద కూర్చున్నాడు. లోపల ఆమె ఏం చెప్పుకుంటోందో అతనికి తెలియదు. అతని గురించి ఎంత కఠినంగా చెప్పుకుంటోందో, బిడ్డను ఏమని పిలుచుకుంటోందో ఎప్పటికీ తెలియకపోవచ్చు. అది తలచుకుంటే ఏడుపు ఆగలేదు. ఈసారి మిషను హోరు లేదు, పట్టపగలు.

కూరగాయల సంచీతో వెళుతున్న పొరుగాయన ఆగాడు. "ఏం మేస్త్రీ, బాగున్నావా?"

బాగానే ఉన్నానని నోటిదాకా వచ్చింది. ఆ మాటే తన ఇంట్లో ఇన్ని వారాలు ఎంత పని చేసిందో గుర్తొచ్చింది.

"లేదన్నా, బాగాలేను," అన్నాడు.

పొరుగాయన సంచీ కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు, ఏ సలహా ఇవ్వలేదు. మన ఇళ్ళలో బాధపడుతున్న మనిషికి ముందుగా కావలసింది ఇంతే: గడియ వేసుకుని చెప్పుకోవడానికి ఒక చోటు, బదులు చెప్పకుండా వినే ఒక మనిషి.