చెల్లే ముద్ర

ఖదీజా రెండో విడత తడిగుడ్డ పెడుతుండగా ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్క వీధిలో ఇల్లు తుడవడమంటే గాలితో పోట్లాడటమే. ఇటు తుడిచి అటు తిరిగేలోగా కిటికీ ఊచల మీదా, టీవీ నెత్తినా తెల్లటి పొడి మళ్ళీ వాలుతుంది. ఆ వీధి ఆడవాళ్ళు దాన్ని పట్టించుకోవడం మానేసి ఏళ్ళయింది. ఖదీజా మానలేకపోయింది. గల్ఫ్‌లో పదకొండేళ్ళు పరాయి ఇళ్ళు తుడిచిన ఒళ్ళు. సెలవు మీద సొంతింటికి వచ్చినా దానికి తేడా తెలియలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచేత్తో గుడ్డ లాగుతూ, ఎడమచేత్తో కుర్చీ కాళ్ళు ఎత్తుతూ, మూలల్లోకి గోరు పెట్టి మరీ తుడుస్తుంది.

సన్నటి మనిషి. నలభై దాటాయో లేదో ముందుపళ్ళు రెండు పోయాయి. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఎడమ ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో మచ్చలు, ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉంటాయి.

అవి మొదటి ఇంట్లోవి. ఆ ఇంటావిడకు కోపం వస్తే చేతికి ఏది అందితే దానితోనే మాట్లాడేది. అక్కడ తొమ్మిదేళ్ళు చేశాక, ఆ ఇంటి యజమాని తన చుట్టాల్లో ఒక ముసలామెకు మనిషి కావాలంటే ఖదీజాను పంపేశాడు. కాగితాలు తర్వాత మార్చుకోమని నోటిమాటగా అన్నాడు. ముసలామె మంచం దిగలేని మనిషి. ఖదీజా తనకు ఒళ్ళు తుడుస్తుంటే ఆమె ఖదీజా తల నిమిరేది. తన పళ్ళెంలోంచి మొదటి ముద్ద తీసి ఖదీజా నోట్లో పెట్టేది. మొదటిసారి అలా పెట్టినప్పుడు ఖదీజా మింగలేక వంటింట్లోకి పరుగెత్తింది. రెండేళ్ళు అలా గడిచాయి. సెలవు మీద వస్తుంటే ముసలామె కూతురు, కాగితాలు తమ పేరుకి మార్పించే పని చూస్తున్నామనీ, కాగానే కబురు చేస్తామనీ చెప్పింది.

పాస్‌పోర్టులో వీసా ముద్ర మాత్రం మొదటి యజమాని పేరు మీదే ఉండిపోయింది.

ఇల్లు ఆరేసరికి మొగుడు మజీద్ లేచాడు. ఒకప్పుడు బట్టీల్లో లారీలకు సున్నం బస్తాలు ఎత్తేవాడు. భార్య గల్ఫ్ వెళ్ళిన ఏడాదే ఆ పని మానేశాడు. అతనికీ, కూతురు నాజియాకీ అట్లు పోసిపెట్టి, వాళ్ళు తినేదాకా ఖదీజా పొయ్యి దగ్గరే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. తనకూ తోచలేదు.

"బిన్నా తెములు. పేటలో ఏజెంటు రమ్మన్నాడు, ముద్ర సంగతి తేలుస్తానని" అన్నాడు మజీద్.

నరసరావుపేటలో ఏజెంటు అలీ సాహెబ్ గది బస్టాండు వెనక సందులో, మేడమీద. అతను పాస్‌పోర్టు తెరిచి ముద్ర ఉన్న పేజీని వెలుతురుకి పెట్టి చూశాడు.

"తేదీ ఉందమ్మా. ముద్ర చెల్లుద్ది."

మజీద్ మొహం విప్పారింది.

"కాకపోతే పాత సేటు దగ్గరికే."

"నేను ఆ ఇంట్లో లేను గదన్నా" అంది ఖదీజా. "మారి రెండేళ్ళాయె."

"నువ్వు మారావు తల్లీ, ముద్ర మారలా. వాళ్ళ లెక్కలో నువ్వింకా ఆయన మనిషివే. కొత్తోళ్ళు నీకు వీసా తియ్యాలంటే ముందు ఆయన ఇది కొట్టేయించాలి. నిన్న మాట్లాడా. కొట్టేయించనన్నాడు. పని మనిషి లేక వాళ్ళావిడకి చానా ఇబ్బందిగా ఉందంట. వస్తే తన ఇంటికే రమ్మన్నాడు."

"రాకపోతే?"

"అక్కణ్ణించి వచ్చినోళ్ళు ఆరు నెలల్లోపు తిరిగి పోకపోతే ముద్ర చెల్లదు, నీకు ఆరు నెలలు కావస్తంది. ఎల్లుండి దాటితే ఇదీ పోద్ది."

పోద్ది అన్న మాట వినగానే ఖదీజా గుండెల మీంచి ఏదో బరువు జారింది. పోనీ. ఎవరి తప్పూ లేకుండా, ఎవరినీ కాదనకుండా, దానంతటదే పోనీ.

"పోతే పోనియ్యన్నా. ఇక్కడే ఏదో ఒకటి చేసుకుంటా. బట్టీల్లో అయినా సరే."

అలీ సాహెబ్ ఆమె వంక చూడలేదు. మజీద్ వంక చూశాడు. మజీద్ కిటికీలోంచి బస్టాండుని చూస్తూ అడిగాడు.

"టికెట్టు దొరుకుద్దా?"

"రేపు పొద్దున హైదరాబాదు నుంచి ఒకటుంది."

"రాయండి."

తిరుగు బస్సులో కిటికీ పక్క మజీద్ కూర్చున్నాడు. ఎదురొస్తున్న లారీల దుమ్ముకి ఖదీజా కొంగుతో ముక్కు మూసుకుంది. చాలాసేపటికి కొంగు తీసింది.

"ఆ ఇంటికి పోతే నన్ను చంపుద్దయ్యా ఆవిడ."

"తొమ్మిదేళ్ళు చంపనిది ఇప్పుడు చంపుద్దా?"

అతని గొంతులో కోపం లేదు. బస్సు ఎప్పుడు చేరుతుందని అడిగినంత మామూలుగా అన్నాడు.

ఇక మిగిలింది నాజియా. ఈసారి వచ్చిన రోజు తల్లి చేతి మీద మచ్చలు చూసి వెక్కివెక్కి ఏడ్చింది నాజియానే. డిగ్రీ చదివిన పిల్ల. తండ్రితో సూటిగా మాట్లాడగల పిల్ల. ఖదీజా గుమ్మంలోనే జరిగిందంతా చెప్పింది. చెప్పి, కూతురి మొహంలోకి చూస్తూ నిలబడింది.

నాజియా తల్లి కళ్ళలోకి చూడలేదు. పైకప్పు వంక చూసింది. దాని మీద తల్లి పంపిన డబ్బుతో లేపుతున్న మేడ గోడలు ఇంకా నడుమెత్తు కూడా రాలేదు. తర్వాత లోపలికి వెళ్ళి బీరువా తీసింది. తన నల్ల బురఖా తెచ్చింది, ముంజేతుల దగ్గర గుండీలున్నది.

"ఇది వేసుకోమ్మా. చేతులు కనపడవు. ఎయిర్‌పోర్టులో ఎవరన్నా చూసి ఏందని అడిగితే మళ్ళీ ఆపేస్తారు."

ఖదీజా చేతులు చాపింది. నాజియా ఓపిగ్గా, ఒక్కో గుండీ బిగించింది. ఈ పిల్లకు చిన్నప్పుడు స్కూలు చొక్కా గుండీలు పెట్టింది ఎవరో ఖదీజాకు తెలియదు.

సంచి సర్దడం ఎంతోసేపు పట్టలేదు. సంచి జిప్పు లాగుతుంటే నాజియా అంది.

"ఫోను ఇక్కడే పెట్టిపోమ్మా. ఆ ఇంట్లో ఎట్టాగూ గుంజుకుంటారుగా."

"ముసలామె కూతురు చేస్తదేమోనే. ఆమె దగ్గర ఈ నంబరే ఉంది."

"చేస్తే నేను చెప్తాలే."

ఆ కూతురు మాట్లాడే అరబ్బీ నాజియాకు అర్థం కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఖదీజా ఫోను ఇచ్చేసింది.

పొద్దు వాలుతుండగా హైవే మీద హైదరాబాదు బస్సు ఆగింది. మజీద్ సంచి అందించి, "చేరినాక ఎవరి ఫోన్నించన్నా ఒక మాట చెప్పు" అన్నాడు. ఖదీజా తలూపింది. అద్దంలోంచి చెయ్యి ఊపబోయి, గుండీ ఊడుతుందేమోనని దించుకుంది. బస్సు కదిలింది.

నాజియా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని ఫోనులో తన సిమ్ వేసుకుంది. ఊడదీసిన గల్ఫ్ సిమ్ కార్డు కిటికీ గట్టు మీద, పళ్ళు విరిగిన దువ్వెనకూ తలపిన్నులకూ మధ్య, వేలిగోరంత, పడి ఉంది.